పాత మెషీన్ల వ్యాపారంలోకి దిగాలా అని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పటాన్‌చెరులో ఓ కంపెనీలో మెయింటెనెన్స్ చూస్తున్నావు, నాన్నగారు రిటైరైన టర్నర్, ఊళ్లో ప్లాటు అమ్మితే 20 లక్షలు చేతికొస్తాయి, ఉద్యోగం మానేసి సెకండ్ హ్యాండ్ మెషీన్లు కొని అమ్మే పని పెట్టాలని ఉంది. లాభం ఎంత ఉంటుంది, మోసపోకుండా ఎలా చూసుకోవాలి, మూతపడ్డ షెడ్లలోంచి సామాను కొనడానికి మనసెలా ఒప్పుతుంది అని అడిగావు. నేను బాలానగర్‌లో ఈ పనిలోనే జుట్టు నెరిసినవాణ్ణి. తోచింది తోచినట్టు చెబుతాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు లాభం సంగతి. ఒక లేత్, అంటే ఇనుప ముక్కని తిప్పుతూ కోసే మెషీన్, 3 లక్షలకి కొని 4 లక్షల 20 వేలకి అమ్మితే లక్షా ఇరవై మిగిలిందని బయటివాళ్లు అనుకుంటారు. నువ్వు మాత్రం ఇలా వేసుకో. ఎత్తి దించే హైడ్రా క్రేనుకి, బండికి కలిపి 20 వేలు. షిఫ్టింగ్ గ్యాంగుకి 10 వేలు. బేరింగులు, చిన్నాచితకా రిపేర్లు, పెయింటు 30 వేలు. మధ్యలో బ్రోకరుకి రెండు శాతం, 6 వేలు. అప్పటికే ఆ మెషీన్ నీకు 3 లక్షల 66 వేలకి పడింది. దాని మీద నూటికి రూపాయిన్నర వడ్డీ వేసుకుంటే నెలకి 5,500 దాకా అవుతుంది. నీ సొంత డబ్బే అయినా వడ్డీ వేసుకోవాల్సిందే, ఎందుకంటే అది అక్కడ ఇరుక్కున్నంత కాలం ఇంకో మెషీన్ కొనలేవు. షెడ్డు అద్దెలో ఆ మెషీన్ వాటా నెలకి ఓ 3 వేలు అనుకో. కొన్న నెలలోనే అమ్ముడైతే నీకు 45 వేలు మిగిలాయి. అదే రేటుకి ఎనిమిది నెలల తర్వాత అమ్ముడైతే ఎదురు 14 వేలు పోయాయి. జీఎస్టీ ఇంకా ఇందులో కలపలేదు. అంకెలు ఉదాహరణకి చెప్పినవే. కానీ ఖర్చుల వరస మాత్రం ఇదే.

చూశావు కదా, కొన్న రేటు మారలేదు, అమ్మిన రేటూ మారలేదు. మారింది షెడ్డులో కూర్చున్న నెలలే. కొత్తగా వచ్చేవాళ్లు చవగ్గా దొరికిందా లేదా అనే చూస్తారు. నేను కొనేముందు వేసుకునే మొదటి ప్రశ్న, దీన్ని ఎవరికి అమ్ముతాను అని. మనిషి పేరు, లేకపోతే కనీసం వీధి పేరైనా రావాలి. 'ఎవరో ఒకరు వస్తార్లే' అనుకుని కొన్న సామానే షెడ్డులో వెనక గోడ పక్కన కూర్చుంటుంది. ఇనుమును చదునుగా చెక్కే పెద్ద షేపింగ్ మెషీన్లు చూడు. ఒకప్పుడు ప్రతి వర్క్‌షాపులో ఒకటి ఉండేది. ఇప్పుడు పనిచేసే కండిషన్‌లో ఉన్నా అడిగేవాడు లేడు. చవకే మరి, చవగ్గానే దొరుకుతుంది.

ఇక ఏం కొనాలి. మన హైదరాబాద్‌లో ఈ సరుకు ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మెషీన్లు చేసే ప్రాగా టూల్స్ 1943లో కవాడిగూడలో మొదలైంది. ఆ తర్వాత మెషీన్ల హెచ్‌ఎంటీ, మందుల ఐడీపీఎల్ వచ్చాయి, అంతకుముందే ఫ్రిజ్‌ల ఆల్విన్ ఉంది. బాలానగర్‌లో 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టారు. ఈ పెద్ద ఫ్యాక్టరీలకి జాబ్‌వర్క్ చేసిపెట్టే చిన్న షెడ్లు బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, నాచారం చుట్టూ పుట్టుకొచ్చాయి. పెద్ద కంపెనీలు ఒక్కోటి చతికిలబడుతుంటే వీఆర్‌ఎస్, అంటే స్వచ్ఛంద రిటైర్మెంటు, తీసుకున్న టర్నర్లు, ఫిట్టర్లు ఆ డబ్బుతో ఒక లేత్, ఒక మిల్లింగ్ మెషీన్ కొనుక్కుని సొంత షెడ్లు పెట్టుకున్నారు. వాళ్లలో చాలామందికి ఇప్పుడు డెబ్బై ఏళ్ల పైనే. కొడుకులు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు, గ్రీజు ముట్టుకోరు. అందుకని షెడ్లు ఖాళీ అవుతున్నాయి. 2012, 13లలో పవర్ హాలిడేలు పెట్టినప్పుడు కొన్ని మూతపడ్డాయి, 2020 లాక్‌డౌన్ తర్వాత ఇంకొన్ని. మిగతావి యజమాని వయసైపోయి, చూసేవాళ్లు లేక మూతపడుతున్నవే.

ఈ షెడ్లలో దొరికేవి ఎక్కువగా హెచ్‌ఎంటీ లేత్‌లు, ఎన్‌హెచ్ 22, ఎన్‌హెచ్ 26, ఎల్‌బీ సిరీస్ మోడళ్లు. ఎఫ్‌ఎన్ 2 మిల్లింగ్‌లు, బీఎఫ్‌డబ్ల్యూ కంపెనీ మిల్లింగ్‌లు, ప్రాగా సర్ఫేస్ గ్రైండర్లు, హరిహర్‌లో తయారైన మైసూర్ కిర్లోస్కర్ టర్న్‌మాస్టర్లు. వీటికి విడిభాగాలు ఇప్పటికీ బయట దొరుకుతాయి. అసలువి దొరక్కపోతే గేరు చేసిపెట్టేవాడు పక్క వీధిలోనే ఉంటాడు. బటాలా, రాజ్‌కోట్ లేత్‌లు కూడా నడుస్తాయి, కాకపోతే వాటికి వచ్చే కస్టమర్ వేరు. ఆటోనగర్‌లో లారీ సామాను రిపేరు చేసేవాడికి, ఊళ్లో వెల్డింగ్ షాపుతోపాటు చిన్న లేత్ పెట్టుకోవాలనుకునేవాడికి అవి చాలు.

పాత లేత్‌లో ఒక భరోసా ఉంది. అంతా బీడు, అంటే పోత ఇనుము. ఏమీ అమ్ముడుపోకపోతే కిలో లెక్కన తుక్కు వాడు పట్టుకుపోతాడు, మోటారులో రాగికి వేరే రేటు కడతాడు. కాబట్టి కొనేముందు తుక్కు రేటుకి ఎంతవుతుందో మనసులో ఒక అంకె ఉంచుకో. నువ్వు కట్టేదానికీ ఆ అంకెకీ మధ్య తేడా ఎంతో నీ రిస్కు అంతే. సీఎన్‌సీలో, అంటే కంప్యూటర్ నడిపే మెషీన్లలో, అలా ఉండదు. వీఎంసీ అనే సీఎన్‌సీ మిల్లింగ్ 12 లక్షలు పెట్టి కొన్నావు, దాన్ని నడిపే కంట్రోలర్ పోయింది, దానికి సర్క్యూట్ కార్డులు దొరకడం లేదు అంటే ఆ మెషీన్ కూడా బీడు రేటుకే దిగుతుంది. లేత్ మెట్టు మీదనుంచి పడితే అది మేడమీదనుంచి పడుతుంది. నీ 20 లక్షలతో మొదటి ఏడాది సీఎన్‌సీల జోలికి పోవద్దు. బ్రోకరు ఎంత ఊరించినా సరే.

మెషీన్ చూడ్డం గురించి. ముందు పెయింటు చూడకు. నిగనిగలాడే కొత్త పెయింటు కనిపిస్తే నాకు అనుమానమే ముందు. అమ్మేముందు తుడిచి పెట్టుకోవడంలో తప్పులేదు కానీ గేర్‌బాక్స్ కాస్టింగ్ మీద పుట్టీ పెట్టి పైన పెయింటు కొడితే లోపల పగులో వెల్డింగో ఉన్నా తెలియదు. గోరుతో గీకు, చిన్న సుత్తితో తట్టు. గట్టి బీడు ఒకలా మోగుతుంది, పుట్టీ పెట్టినచోట మొద్దుగా వినిపిస్తుంది.

లేత్‌లో ముందుగా అరిగేది బెడ్డు, అంటే కింద ఉండే పొడవాటి పట్టాలు. అదీ ముక్కని పట్టుకుని తిరిగే చక్ దగ్గరే. పనంతా అక్కడే జరుగుతుంది కదా, కోసే టూల్‌ని మోసే క్యారేజీ అక్కడక్కడే తిరుగుతుంది. అవతలి చివర ముక్కకి ఆసరా ఇచ్చే టెయిల్‌స్టాక్ వైపు బెడ్డు కొత్తగా ఉన్నట్టే ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. క్యారేజీని చక్ దగ్గరికి తెచ్చి, కింద బెడ్డుని పట్టుకునే గిబ్‌ని లూజు లేకుండా బిగించు. అక్కడ చేతిచక్రం హాయిగా తిరిగేలా పెట్టుకో. ఇప్పుడు మెల్లగా టెయిల్‌స్టాక్ వైపు తిప్పుతూ వెళ్లు. మధ్యలో బిగుసుకోవడం మొదలై, చివరికి రెండు చేతులతో కూడా తిరగకపోతే బెడ్డు అరిగిందన్నమాట. ఎక్కడ మొదలై బిగుసుకుందో అక్కడిదాకా అరుగుదల ఉంది. ఐదు నిమిషాల పని. యజమాని ముఖం చూస్తే ఇంకా ముందే తెలిసిపోతుంది, అది వేరే సంగతి.

చక్‌ని తిప్పే ఇరుసు, అదే స్పిండిల్‌కి, సన్నటి కదలిక కూడా చూపించే డయల్ గేజి పెట్టి చూడు. ఊరికే తిప్పి చూస్తే సరిపోదు. చక్ కింద కట్టెముక్క పెట్టి రాడ్డుతో పైకి ఎత్తిచూడు. డయల్ ముల్లు కదిలి, వదలగానే వెనక్కి వస్తే బేరింగులో లూజు ఉంది. కొన్నింటిలో అది సర్దుబాటు చేస్తే పోతుంది, కొన్నింటిలో బేరింగే మార్చాలి. రెండింటి ఖర్చుకీ చాలా తేడా. తర్వాత చక్‌కి ఒక రాడ్డు పట్టించి, టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా ఒక జానెడు పొడుగు సన్నగా కోత పెట్టించి, రెండు చివర్లా మైక్రోమీటర్‌తో కొలువు. టేపరు, అంటే ఒక చివర లావు ఇంకో చివర సన్నం, వచ్చిందనుకో, వెంటనే మెషీన్ని తిట్టకు. లెవెల్ లేకుండా నేల మీద ఊరికే పెట్టిన లేత్‌లో బెడ్డు మెలితిరిగి టేపరు వస్తుంది. అమ్మిన తర్వాత వచ్చే కంప్లయింట్లలో చాలావాటికి ఇదే కారణం. కొన్నవాడు మెషీన్ దించి, కింద ప్లేటు ముక్కలు తోసి పని మొదలుపెడతాడు. మర్నాడు 'అన్నా, నాకు అరిగిపోయిన లేత్ అంటగట్టావు' అని ఫోను. అందుకే నేను అమ్మిన ప్రతి లేత్ వెంట ఫిట్టర్ని పంపి స్పిరిట్ లెవెల్‌తో పెట్టించి వస్తాను. ఆ ఖర్చు నాదే.

నాన్నగారు టర్నర్ అన్నావు. ఆయన్ని వెంట తీసుకెళ్లు. డయల్ చెప్పని సంగతులు ఆయన చెవికి వినపడతాయి. అంతకన్నా ముఖ్యం, అక్కడ ఆ మెషీన్ మీద పనిచేసిన మనిషితో ఆయన మాట్లాడగలడు. యజమాని కండిషన్ అద్భుతం అనే చెబుతాడు, ఆయనకి నిజంగానే తెలియకపోవచ్చు కూడా. టీ తాగడానికి బయటికొచ్చినప్పుడు టర్నర్ని అడిగితే, 'అన్నా, మూడో స్పీడుల పెట్టకు, అరుస్తది. మేం ఆ స్పీడు వాడుడు బందు పెట్టి శాన దినాలాయె' అంటాడు. ఒక్క మాటలో బేరం పది వేలు తగ్గింది. కాకపోతే ఆ మాట అతను చెప్పాడని యజమాని దగ్గర అనొద్దు. నువ్వే మూడో స్పీడు వేసి విని, నువ్వే చెప్పు. రేపు అతను ఇంకో షెడ్డులో పనికి చేరతాడు, అక్కడా మెషీన్లు ఉంటాయి.

సీఎన్‌సీ వద్దన్నాను కానీ మెయింటెనెన్స్‌వాడివి కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు కొంటావు. ఆన్ చేసి చూపించని మెషీన్ని మాత్రం కొనకు. 'కరెంటు కట్ చేశారు సార్, లేకపోతే నిన్నటిదాకా నడిచిందే' అంటే, జనరేటర్ తెచ్చుకుంటానని చెప్పు. ఫ్యానుక్ కంపెనీ కంట్రోలర్లలో పారామీటర్లు, అంటే మెషీన్ సెట్టింగులు, నిలిచేది బ్యాటరీ మీద. నెలల తరబడి ఆఫ్‌లో ఉండి బ్యాటరీ చచ్చిపోతే పారామీటర్లు పోతాయి. ప్యానెల్ తలుపు తీసి లోపలివైపు చూడు, కంపెనీ ఇచ్చిన పారామీటర్ల షీటు అక్కడ ఉందా, లేక మెమరీ కార్డులో బ్యాకప్ ఉందా అని. రెండూ లేకపోతే ఆ మెషీన్ లేపడానికి పట్టే టైమూ డబ్బూ ముందుగా ఎవరూ చెప్పలేరు. బ్యాటరీ మార్చేటప్పుడు మెషీన్ ఆన్‌లోనే ఉండాలన్నది నీకు తెలిసే ఉంటుంది. తెలియనివాళ్లు ఆపేసి మార్చి ఉన్నవి కూడా పోగొట్టుకుంటారు. బ్యాక్‌లాష్, అంటే దిశ మార్చినప్పుడు కనిపించే లూజు, చూడ్డానికి టేబుల్ మీద డయల్ పెట్టి, హ్యాండ్‌వీల్‌తో ఒక్కో క్లిక్కుకి 0.01 మిల్లీమీటరు చొప్పున ఒకవైపు నడిపి, వెనక్కి తిప్పు. ముల్లు కదలడానికి ముందు ఎన్ని క్లిక్కులు ఖాళీగా పోయాయో లెక్కపెట్టు. స్క్రీన్ మీద కనిపించే గంటల లెక్కని మాత్రం నమ్మకు, అది మార్చగలిగిందే.

ఫార్మా సామాను, గ్లాస్ లైన్డ్ రియాక్టర్లు వగైరా వేరే లోకం. అందులో నేను లేను, నువ్వూ ఇప్పుడే వద్దు.

కాగితాల దగ్గర చాలామంది బద్ధకిస్తారు. మెషీన్ లోను మీద ఉందేమో చూసుకో. ప్రైవేట్ లిమిటెడ్ అయితే కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఆ కంపెనీ ఆస్తుల మీద ఉన్న ఛార్జీలు, అంటే తాకట్టులు, కనిపిస్తాయి. సొంత పేరు మీద నడిపే షెడ్డు అయితే తాకట్టుల రిజిస్ట్రీ సెర్సాయ్‌లో వెతకొచ్చు. బ్యాంకుకి హైపోథికేషన్‌లో, అంటే తాకట్టులో, ఉన్న మెషీన్ని యజమాని నీకు అమ్మితే బిల్లు ఉన్నా తలనొప్పి నీకే. నేమ్‌ప్లేటు మీది నంబరు, కాస్టింగ్ మీద కొట్టిన నంబరు, బిల్లు మీది నంబరు మూడూ ఫొటో తీసుకో. షెడ్డు అద్దెదైతే, బిల్డింగ్ ఓనర్‌తో ముందే ఒక మాట మాట్లాడు. ఆరు నెలల అద్దె బాకీ ఉందని లారీ గేటు దాటకుండా ఆపేసిన ఓనర్లని చూశాను. జీతాలు రాని పనివాళ్లు గేటు దగ్గర కూర్చున్న సందర్భాలూ ఉన్నాయి. వాళ్లది న్యాయమే. హైడ్రా వాడికి మాత్రం గంట లెక్కన కట్టాల్సింది నువ్వు.

జీఎస్టీలో సెకండ్ హ్యాండ్ వ్యాపారికి ఒక వెసులుబాటు ఉంది, రూల్ 32(5). కొన్నప్పుడు కట్టిన పన్నుని తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోకుండా, మెషీన్ స్వరూపం మారకుండా చిన్న రిపేర్లతో అమ్మితే, కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య తేడా మీదే పన్ను. రిజిస్ట్రేషన్ లేని షెడ్డు యజమాని దగ్గర కొన్న మెషీన్లకి ఇది బాగా పనికొస్తుంది. కంపెనీల దగ్గర కొంటే వాళ్లు 18 శాతంతో బిల్లు ఇస్తారు, నువ్వు క్రెడిట్ తీసుకుని, నువ్వూ 18 శాతంతో బిల్లు ఇవ్వాలి. నీ దగ్గర కొనేవాడు ఏ బిల్లు అడుగుతాడో కొనేముందే ఆలోచించు. మొత్తం ధర మీద పన్ను క్రెడిట్ కావాలనే కస్టమర్, తేడా మీదే పన్ను వేసిన మార్జిన్ బిల్లు చూసి ముఖం మాడ్చుకుంటాడు. ఇవన్నీ ఒక ఆడిటర్ దగ్గర కూర్చుని ముందే తేల్చుకో. 50 వేలు దాటిన సరుకు ఈ-వే బిల్లు లేకుండా బయల్దేరకూడదని వేరే చెప్పక్కర్లేదు.

బ్యాంకు వేలాల గురించి కూడా అడుగుతావని తెలుసు. బాకీ కట్టనందుకు బ్యాంకులు సర్ఫేసీ చట్టం కింద స్వాధీనం చేసుకున్న యూనిట్లు, ప్రభుత్వ సంస్థలు ఎంఎస్‌టీసీ అనే వేలాల సంస్థ ద్వారా ఆన్‌లైన్‌లో అమ్మే సామాను, అన్నీ ఒకే షరతు మీద వస్తాయి. ఎక్కడుందో అక్కడ, ఎలా ఉందో అలా. తర్వాత గేర్‌బాక్స్ లోపల గేర్లే లేవంటే అడిగే దిక్కు లేదు. చూసే తేదీ ఇస్తారు, ఆ రోజు వెళ్లని వేలంలో పాట పాడకు. లిస్టులో లేత్ అని రాసి ఉంటుంది, వెళ్లి చూస్తే మోటారు, చక్, చేంజ్ గేర్లు ఎప్పుడో మాయమై ఉంటాయి. లాట్ మొత్తం తీసుకోవాలి కాబట్టి ఒక్కడివే కొనలేవు. ముగ్గురు నలుగురు వ్యాపారులు కలిసి కొని పంచుకుంటారు. ఇందులో తప్పులేదు. వేలానికి ముందు కూడబలుక్కుని రేటు పెరగకుండా రింగు కట్టడం మాత్రం వేరు, ఆన్‌లైన్ వచ్చాక అది తగ్గింది. పోలేదు.

డబ్బు విషయంలో నా పద్ధతి ఒక్కటే. బండి ఎక్కేముందు డబ్బు అకౌంట్లో పడాలి. తెలిసినవాళ్లైనా అంతే. కొత్త మెషీన్ అమ్మే కంపెనీకి బ్యాంకు లోను వస్తుంది, మన సామాను కొనేవాడికి చాలాసార్లు రాదు. అందుకని సగం ఇచ్చి మిగతాది మెషీన్ సంపాదించి పెట్టాక ఇస్తానంటాడు. ఆ మాట చెప్పినప్పుడు అతను అబద్ధమాడడం లేదు, నిజంగానే ఇద్దామనుకుంటాడు. ఆర్డర్లు రావు, నువ్వు ఫోన్ చేస్తావు, అతను ఎత్తడం మానేస్తాడు. చిన్న పరిశ్రమలకి 45 రోజుల్లో డబ్బు కట్టాలనే నిబంధన ఉందని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మకు. అది తయారీదారులకి, సేవలందించేవాళ్లకి. మనం ట్రేడర్లం, మనకి ఆ రక్షణ లేదు. ఇంకో మాట. వాట్సాప్‌లో ఫొటోలు చూసి 'టోకెన్ వెయ్యండి సార్, ఇంకో పార్టీ దారిలో ఉంది' అంటే ఒక్క రూపాయి వెయ్యకు. అదే మెషీన్ ఫొటో నలుగురు బ్రోకర్లు నాలుగు రేట్లకి తిప్పుతుంటారు, వాళ్లలో ముగ్గురు దాన్ని కళ్లతో చూసుండరు.

రవాణాలో లేత్ కంటే, నిలువు స్తంభానికి అడ్డంగా చెయ్యి ఉండే రేడియల్ డ్రిల్ ప్రమాదం. ఆర్మ్‌ని పూర్తిగా కిందికి దించి, డ్రిల్ హెడ్‌ని కాలమ్ దగ్గరికి జరిపి లాక్ చేశాకే బెల్టు వెయ్యనివ్వు. పైన వదిలేస్తే ఎత్తగానే ఒరిగిపోతుంది. లేత్‌కి చక్ ఉండే హెడ్‌స్టాక్ వైపే బరువు ఎక్కువ. క్యారేజీని, టెయిల్‌స్టాక్‌ని అవతలి చివరికి తోసి బిగిస్తే కొంత సమతూకం వస్తుంది. బెడ్డు పక్కన పొడుగ్గా ఉండే లీడ్ స్క్రూకి బెల్టు తగలకూడదు. గ్యాంగ్ మేస్త్రీకి ఇవన్నీ నీకంటే బాగా తెలుసు, అయినా పక్కన నిలబడు. బండి ఎక్కేదాకా ఫోన్ మాట్లాడకు.

ఇక మనసు సంగతి. సూటిగా అడిగావు కాబట్టి సూటిగానే చెబుతాను. మూతపడిన షెడ్డులోకి అడుగుపెట్టినప్పుడు ఏమీ అనిపించదంటే అబద్ధం. గోడ మీద వెంకటేశ్వరస్వామి పటం, ఆయుధపూజకి లేత్‌కి పెట్టిన బొట్లు అలాగే ఉంటాయి. యజమాని మెషీన్ గురించి చెబుతూ చెబుతూ ఏ సంవత్సరం కొన్నాడో, అప్పుడు అప్పు ఎవరిచ్చారో, మొదటి ఆర్డరు ఏ కంపెనీదో చెప్పుకుపోతాడు. కొత్తవాళ్లు అదంతా సోది అనుకుని వాచీ చూసుకుంటారు. కూర్చుని వినాలి. మెషీన్ చరిత్ర కూడా అందులోనే దొరుకుతుంది, ఎప్పుడు ఏ పార్టు మార్చాడో, ఏ పనికి వాడాడో. కానీ నేను వినేది అందుకోసమే కాదు.

నాకు అర్థమైనదేమిటంటే, ఆ పెద్దమనిషి ఐదు వేల దగ్గర గంటసేపు పట్టుబట్టేది డబ్బు కోసం కాదు. తన మెషీన్‌కి తక్కువ కట్టారంటే తనకి తక్కువ కట్టినట్టు ఉంటుంది. ఒకాయన ఇలాగే ఐదు వేల మీద మధ్యాహ్నం దాకా బేరమాడి, చివరికి నేను ఒప్పుకున్నాక, బీరువా తెరిచి దాన్నిండా ఉన్న కట్టర్లు, కాలెట్లు, డ్రిల్ బిట్లు ఊరికే తీసుకెళ్లమన్నాడు. వాటి విలువ ఆ ఐదు వేలకి చాలా రెట్లు. విడిగా లెక్కకట్టి డబ్బిస్తానంటే కోప్పడ్డాడు. మర్యాదగా తీసుకున్నాను.

నీకు టెన్షన్ ఉండాల్సింది కొనడం గురించి కాదు. ఆయన ఎలాగూ అమ్మాలి, షెడ్డు ఖాళీ చెయ్యాలి, నువ్వు కొనకపోతే తుక్కు వాడు గ్యాస్ కట్టర్ పట్టుకుని వస్తాడు. నీ దగ్గరికి వస్తే ఆ మెషీన్ ఇంకొకడి షెడ్డులో ఇంకో పదేళ్లు తిరుగుతుంది. కొనే తీరులోనే తేడా అంతా ఉంది. మన లైన్‌లో ఒక అలవాటు ఉంది. రేటు మాట్లాడుకుని, బయానా ఇచ్చి, షెడ్డు ఖాళీ చెయ్యాల్సిన చివరి రోజు హైడ్రాతో దిగుతారు. మెషీన్ బెల్టు మీద వేలాడుతుండగా 'గేర్‌బాక్స్ సౌండ్ వస్తోంది, ముప్పై వేలు తగ్గించండి' అంటారు. ఆ సమయంలో ఆయన ఏం చెయ్యగలడు? ఒప్పుకుంటాడు. ఇది చేసేవాళ్లని నాకు తెలుసు, వాళ్లలో బాగా సంపాదించినవాళ్లూ ఉన్నారు, కాబట్టి అలా చేస్తే చెడిపోతారని నీకు చెప్పలేను. నేను చెయ్యను. చూసేటప్పుడే రోజంతా చూస్తాను, మాట ఇచ్చాక లోపల ఏం బయటపడినా అది నా ఖర్మ. పనివాళ్ల ముందు బేరమాడను. పూర్తి డబ్బు ఇచ్చాకే బోల్టు విప్పిస్తాను. దీనివల్ల వ్యాపారంలో కలిసొచ్చేది ఒకటుంది. ఒక వీధిలో ఒక షెడ్డు మూతపడితే పక్కవాడు చూస్తూనే ఉంటాడు. రెండేళ్ల తర్వాత తనవంతు వచ్చినప్పుడు, బ్రోకరుకి చెప్పకుండా నేరుగా నాకే ఫోన్ చేస్తాడు.

మరి దిగాలా వద్దా అంటే, ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానకు. ప్లాటు కూడా అమ్మకు. నీ పొదుపు లోంచి ఓ 4 లక్షలు పక్కన పెట్టి ఆదివారాలు, సెలవులు వాడుకో. పెద్ద లేత్‌లు కాకుండా పిల్లర్ డ్రిల్లు, బెంచ్ గ్రైండర్లు, పవర్ హ్యాక్‌సాలు, కంప్రెసర్లు, వెల్డింగ్ సెట్లు కొని చూడు. వీటికి ఫాబ్రికేషన్ షాపులవాళ్లు ఎప్పుడూ ఉంటారు, మినీ ట్రక్కులో సరిపోతాయి, హైడ్రా అక్కర్లేదు. కంప్రెసర్ ట్యాంకు మాత్రం లోపల తుప్పు పట్టిందేమో జాగ్రత్తగా చూడు, అడుగున నీళ్లు వదిలే వాల్వు తెరిస్తే ఎర్రటి నీళ్లు వస్తాయి, అలాంటిది ఊరికే ఇచ్చినా తీసుకోకు, పేలితే ప్రాణాలు పోతాయి. ఇలా కొన్న సరుకు సగటున ఎన్ని వారాల్లో బయటికి పోతోందో ఒక పుస్తకంలో రాసుకో. ఏడాది తర్వాత ఆ పుస్తకం చూస్తే ఉద్యోగం మానాలో వద్దో నన్ను అడగక్కర్లేదు.

షెడ్డు తీసుకునే రోజు వస్తే, అద్దె తక్కువని లోపలి సందులో తీసుకోకు. గేటు వెడల్పు కొలువు, ముందు రోడ్డు మీద హైడ్రా తిరగడానికి చోటుందో లేదో చూడు, త్రీ ఫేజ్ మీటరు ఉందో లేదో అడుగు. మెషీన్ని తిప్పి చూపించలేని చోట పెడితే వచ్చిన ప్రతివాడూ తుక్కు రేటే అడుగుతాడు.